కొత్త టైర్లు వేశాక చక్రం ఒరుసుకుంటోందా? కోయడానికి ముందు తాకే చోటు పట్టుకోండి

కొత్త టైర్లు వేయించిన కారులో స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పగానే ఎక్కడో 'జర్రు'మని శబ్దం వస్తే, చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. కొత్త టైరు కదా, కొన్నాళ్లకు అరిగి అదే సర్దుకుంటుందని కొందరు వదిలేస్తారు. మరికొందరు చాకు తీసుకుని చక్రం పైనున్న ప్లాస్టిక్‌ను కోసేస్తారు. రెండూ తొందరపాటే. టైరు ఎక్కడ తాకుతోంది, ఎప్పుడు తాకుతోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే మరమ్మతు ఏమిటో దాదాపు తేలిపోతుంది. ఆ జవాబు దొరికేదాకా ఏ పనిముట్టూ పట్టుకోవద్దు.

ముందుగా, కారు నడపవచ్చో లేదో తేల్చుకోండి. పూర్తి మలుపులో మాత్రమే ప్లాస్టిక్‌కు తేలికగా తగిలే టైరుతో నెమ్మదిగా ఇంటికి చేరుకోవచ్చు. నేరుగా వెళ్తున్నప్పుడు కూడా ఆగకుండా శబ్దం వస్తున్నా, రబ్బరు కాలిన వాసన వస్తున్నా, టైరు పక్కగోడ మీద చుట్టూ గీత పడినా, ఆ కారును అక్కడే ఆపాలి. టైరు నేలను తాకే భాగం మందంగా ఉంటుంది. పక్కగోడ అలా కాదు. అది సన్నగా ఉంటుంది, దానికి పడిన కోతకు నమ్మదగిన మరమ్మతు లేదు. బ్రేకు గొట్టానికి గానీ, చక్రం వేగాన్ని కొలిచే సెన్సారు తీగకు గానీ టైరు తగులుతున్నట్టు కనిపిస్తే అసలు చర్చే లేదు, కదిలించవద్దు.

టైరు మీది అంకెలు చదవండి

డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక చీటీ ఉంటుంది. కొన్ని కార్లలో అది ఇంధనం మూత లోపలి వైపు ఉంటుంది. కారు తయారు చేసినవాళ్లు అనుమతించిన టైరు కొలతలు, గాలి పీడనం అందులో ఉంటాయి. దాన్ని పక్కన పెట్టుకుని, ఇప్పుడు కారుకున్న నాలుగు టైర్ల మీది అంకెలూ చదవండి. ఒకటి చూసి మిగతావీ అంతే అనుకోవద్దు. దుకాణంలో మూడు ఒక కొలతవీ ఒకటి వేరే కొలతదీ వేసిన సందర్భాలు అరుదేమీ కాదు. ముందు చక్రాలకు ఒక కొలత, వెనుక చక్రాలకు మరో కొలత ఉండే కార్లలో అవి తారుమారు కావడం మరీ సులువు.

195/65 R15 అని రాసి ఉందనుకుందాం. 195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే దాదాపు 127 మిల్లీమీటర్లు. 15 అంటే రిమ్ము వ్యాసం 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. పక్కగోడ కిందా పైనా వస్తుంది కాబట్టి రెండుసార్లు కలిపితే చక్రం మొత్తం వ్యాసం 634.5 మిల్లీమీటర్లు.

దాని స్థానంలో 205/65 R15 వేశారనుకోండి. వినడానికి తేడా పది మిల్లీమీటర్లే. లెక్క వేస్తే వ్యాసం 647.5 అవుతుంది. చక్రం చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల ఖాళీ పోయింది, లోపలికీ బయటికీ చెరో ఐదు మిల్లీమీటర్లు పెరిగింది. అప్పటికే ఖాళీ తక్కువగా ఉన్న కారులో ఒరుసుకోవడానికి ఇది చాలు. పైగా అంతకుముందు సరిగ్గా చూపిన స్పీడోమీటరు ఇప్పుడు 100 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 102 మీద ఉంటారు. అదే 205/60 R15 అయితే వ్యాసం 627, అంటే పాతదానికన్నా కాస్త చిన్నదే. అందుకే టైరు వెడల్పు పెంచదలచినవాళ్లు పక్కగోడ శాతాన్ని తగ్గిస్తారు. ఆ రెండో అంకెను పట్టించుకోకపోవడం వల్లే ఎక్కువ తగాదాలు వస్తాయి.

కొలత తప్పని తేలితే ఇక మిగతా దశలతో పని లేదు. కారును ఎక్కువ తిప్పకుండా టైర్లు వేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి సరైన కొలతవి వేయమనండి. తప్పు టైరుకు సరిపడేలా కారును కోయడం తలకిందుల పని. కొలత పక్కనే ఉండే 91వి లాంటి గుర్తును కూడా చూడండి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోల బరువు మోయగలదని. చీటీలో ఉన్నదానికన్నా ఆ అంకె తక్కువ ఉంటే ఒరుసుకోకపోయినా ఆ టైరు మీ కారుకు పనికిరాదు.

కొలత సరిగ్గా ఉన్నా ఒరుసుకోవచ్చు, ఇక్కడే చాలామంది తికమక పడతారు. కొత్త టైరుకు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. మీరు తీసేసిన టైరుకు రెండు మిల్లీమీటర్లే మిగిలి ఉంటే, కొత్త చక్రం చుట్టూ ఆరు మిల్లీమీటర్లు పెరిగినట్టే. పైన చూసిన తప్పు కొలత తేడా కూడా దాదాపు ఇంతే. దీనికి తోడు, ఒకే అంకెలున్న రెండు కంపెనీల టైర్లు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకదాని భుజం, అంటే నేలను తాకే భాగం పక్కగోడను కలిసే అంచు, గుండ్రంగా, మరొకదాని భుజం చదరంగా ఉంటుంది. కొన్నింటికి రిమ్మును కాపాడేందుకు పక్కగోడ కింద రబ్బరు అంచు పొడుచుకు వస్తుంది. ఖాళీ ఉన్న కారులో ఇవేవీ తెలియవు. చాలాకాలంగా కుంగిన స్ప్రింగులతో, అరిగిన టైర్లతో నడిచిన కారులో మాత్రం కొత్త టైరు పాత లోపాన్ని బయటపెడుతుంది.

గాలి పీడనం కూడా ఇప్పుడే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసేయండి. గాలి తక్కువైతే పక్కగోడ ఉబ్బి బయటికి వస్తుంది.

సుద్దముక్కతో పరీక్ష

శబ్దం విని చోటు చెప్పడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. చక్రం పైనున్న గుండ్రటి ఖాళీలో శబ్దం తిరిగి తిరిగి వస్తుంది. అందుకని సుద్దముక్క తీసుకుని టైరు రెండు భుజాల మీదా, లోపలి పక్కగోడ మీదా చుట్టూ మందంగా పూయండి. తడి టైరుకు సుద్ద అంటదు, ముందుగా తుడవండి. ఖాళీ స్థలంలో స్టీరింగ్‌ను ఎడమకు పూర్తిగా తిప్పి నడక వేగంతో ఒక చుట్టు, కుడికి తిప్పి మరో చుట్టు, తర్వాత వెనక్కి నడుపుతూ రెండు వైపులా ఒక్కోసారి తిప్పండి. ఆపై వెనుక సీట్లో మనుషులను కూర్చోబెట్టుకుని వేగనిరోధకం మీదుగా నెమ్మదిగా దాటించండి. ఒక్కో దశ తర్వాత దిగి టార్చి వేసి చూడాలి. అన్నీ చేసి చివర్లో ఒకేసారి చూస్తే ఏ గుర్తు ఎప్పుడు పడిందో తెలియదు.

టైరు మీద సుద్ద చెరిగిన చోటు సగం జవాబు. దానికి ఎదురుగా తెల్లటి మరక గానీ, కొత్తగా మెరిసే గీత గానీ పడిన చోటు మిగతా సగం.

ఒక హెచ్చరిక. జాకీ మీద చక్రాన్ని లేపి ఖాళీ కొలవడం పెద్ద మోసం. చక్రం గాలిలో వేలాడినప్పుడు స్ప్రింగు సాగి, పైన పిడికిలి పట్టేంత చోటు కనిపిస్తుంది. అసలు ఖాళీ చక్రం నేల మీద, కారు బరువుతో ఉన్నప్పుడే తెలుస్తుంది. జాకీ అవసరమయ్యేది లోపలి వైపు చూడడానికి, చక్రం విప్పడానికి మాత్రమే. అప్పుడు కూడా చదునైన నేల, చేతి బ్రేకు, ఎదురు మూలనున్న చక్రానికి రెండు వైపులా అడ్డు, జాకీతో పాటు స్టాండు తప్పనిసరి. నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి. జాకీ మీద మాత్రమే ఉన్న కారు కింద చెయ్యి కూడా పెట్టవద్దు.

అసలు అది టైరు శబ్దమేనా అన్న అనుమానం కూడా ఉంచుకోండి. బ్రేకు డిస్కు వెనుక పల్చటి రేకు ఒకటి ఉంటుంది. చక్రాలు విప్పి బిగించే హడావిడిలో అది వంగితే చక్రం తిరిగినప్పుడల్లా సన్నగా లోహం గీరుకునే శబ్దం వస్తుంది. సుద్ద చెక్కుచెదరలేదు, శబ్దం మాత్రం ఉందంటే ఆ రేకును చూడండి. చేత్తో కాస్త వెనక్కి వంచితే సరిపోతుంది, అయితే డిస్కు చల్లారాక. కొత్త టైరు మీది సన్నని రబ్బరు వెంట్రుకలు మొదట్లో చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనరుకు తగిలి చిరుచిరుమంటాయి. వాటివల్ల హాని లేదు.

గుర్తు పడిన చోటు ఏం చెబుతుంది

పూర్తి మలుపులో, చక్రానికి ముందు వైపు బంపరు అంచు దగ్గర గానీ, వెనుక వైపు కింది మూలలో గానీ గుర్తు పడితే మీ అదృష్టం బాగున్నట్టే. అక్కడున్నది చక్రం చుట్టూ అమర్చిన ప్లాస్టిక్ లైనరు, మడ్ ఫ్లాపు. చాలా సందర్భాల్లో లైనరును పట్టి ఉంచే క్లిప్పు ఊడి, ప్లాస్టిక్ లోపలికి వాలిపోయి ఉంటుంది. టైర్లు మార్చేటప్పుడు జాకీ సరిగ్గా పెట్టకపోతే క్లిప్పులు విరుగుతాయి. ముందుగా లైనరును వేళ్లతో బయటికి నెట్టి చూడండి. అది వెనక్కి వెళ్లి ఆగకుండా మళ్లీ ముందుకు వస్తుంటే క్లిప్పు లేనట్టే.

పూర్తి మలుపులోనే, లోపలి వైపు ఇనుప కడ్డీకో, చక్రాన్ని కింది నుంచి కారుకు కలిపే లోయర్ ఆర్ముకో గుర్తు పడితే అది రిమ్ముకో టైరు వెడల్పుకో సంబంధించిన విషయం. ప్లాస్టిక్‌తో చేసే చిట్కాలేవీ అక్కడ పనిచేయవు.

స్టీరింగ్ ఎటు తిప్పినా తిప్పకపోయినా, టైరు లోపలి పక్కగోడ స్ట్రట్‌కు (స్ప్రింగును మోసే నిలువు షాక్ అబ్జార్బరుకు) లేదా దాని మీది స్ప్రింగు గిన్నెకు తగులుతుంటే, రిమ్ము లోపలికి ఎక్కువ వచ్చింది. ముందు చక్రాల స్ట్రట్ చాలా కార్లలో చక్రంతో పాటే తిరుగుతుంది. కాబట్టి వాటి మధ్య ఖాళీ మలుపులో పెద్దగా మారదు. కారు కదలకుండా ఉన్నప్పుడు అక్కడ చిటికెన వేలు కూడా దూరకపోతే అనుమానించాల్సిందే. చోటు చూస్తే చిన్నదే, ప్రమాదం మాత్రం పెద్దది. తగులుతున్నది పక్కగోడ కాబట్టి ఇది తేలేదాకా ఆ చక్రంతో నడపవద్దు.

బరువు వేసినప్పుడో గుంతలో పడినప్పుడో మాత్రమే, టైరు బయటి భుజం ఫెండరు (చక్రం పైనున్న బాడీ రేకు) అంచుకు తగిలితే రెండు కారణాలు ఉండవచ్చు. చక్రం బయటికి వచ్చి ఉండాలి, లేదా స్ప్రింగు కుంగి ఉండాలి. ఏదో తేల్చడానికి టేపు చాలు. చదునైన నేల మీద, అందరూ దిగాక, ప్రతి చక్రం మధ్య బిందువు నుంచి నేరుగా పైనున్న ఫెండరు అంచు వరకు కొలవండి. ఎడమకూ కుడికీ స్పష్టమైన తేడా కనిపిస్తే, తక్కువ ఉన్న వైపు స్ప్రింగును పరిశీలించండి. స్ప్రింగులు చివరి చుట్టు దగ్గర విరిగి కూడా చాలాకాలం పైకి తెలియకుండా పనిచేస్తుంటాయి.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే లేదా వెనక్కి నడిపేటప్పుడు మాత్రమే తగిలితే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. టైరును అనవలసిన పని లేదు, లోయర్ ఆర్ము బుష్ (దాని కీలు దగ్గరి రబ్బరు) అరిగి, బ్రేకు పడగానే చక్రం మొత్తం వెనక్కి జరుగుతోందని అర్థం. ఇక్కడ లైనరు కోస్తే శబ్దం పోతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది.

ఒక వైపు మాత్రమే తగులుతూ, పై కారణాలేవీ కనిపించకపోతే, ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్య వరకు ఎడమ వైపు ఒకసారి, కుడి వైపు ఒకసారి కొలవండి. స్టీరింగ్ నేరుగా ఉండాలి. చాలా కార్లలో రెండూ సమానంగానే రావాలి. పది మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే, ఎప్పుడో తగిలిన దెబ్బకు ఏదో భాగం వంగి ఉంటుంది. చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ కేంద్రంలో క్యాంబర్ (పక్కకు వాలు), క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు ముందూ వెనక్కీ వాలు) కొలతలు రెండు వైపులవీ కాగితం మీద ఇవ్వమని అడగండి. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సరిచేసి పంపించేస్తే మీకు కావలసింది దొరకదు.

ఇక మరమ్మతు

క్లిప్పుల దగ్గర మొదలుపెట్టండి. ఈ ప్లాస్టిక్ క్లిప్పుల మధ్యలో చిన్న మేకు లాంటిది ఉంటుంది. చాలావాటిలో దాన్ని ముందు పైకి లాగితే క్లిప్పు వదులవుతుంది. బలవంతంగా పీకితే విరుగుతుంది. పాతదాన్ని చేతిలో పెట్టుకుని అదే మందంవి కొనండి, ఎందుకంటే రంధ్రాల కొలతలు కారు కారుకూ మారతాయి. రంధ్రమే చిరిగిపోయి ఉంటే వెడల్పాటి వాషరు వేసి బిగించవచ్చు. మడ్ ఫ్లాపు ముందుకు వంగి ఉంటే స్క్రూలు వదులు చేసి వెనక్కి జరిపి బిగించండి. కారుతో పాటు రాకుండా తర్వాత బిగించిన ఫ్లాపు అయితే, తీసేసి ఒకసారి నడిపి చూడటమే అన్నిటికన్నా తేలిక.

క్లిప్పులన్నీ ఉన్నా లైనరు ఉబ్బెత్తుగా ఉండి తగులుతుంటే వేడి గాలి గన్ను వాడవచ్చు. చక్రం విప్పి, లైనరు వెనుక ఏముందో ముందు చూడండి. చాలా కార్లలో అద్దం కడిగే నీళ్ల ట్యాంకు, పొగమంచు దీపం తీగలు అక్కడే ఉంటాయి. గన్నును ఒకే చోట నిలపకుండా ఆడిస్తూ, ప్లాస్టిక్ మెత్తబడగానే చెక్కముక్కతో వెనక్కి నొక్కి, తడిగుడ్డ వేసి చల్లారేదాకా అలాగే పట్టుకోండి. మెరుపు వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టు. ఒక వేలి మందం చోటు ఇలా సులువుగానే దొరుకుతుంది.

కోయడం దీని తర్వాతే. కోయాల్సి వస్తే సుద్ద మరక పడిన చోటే, కొద్దికొద్దిగా కోసి, ప్రతిసారీ పరీక్షించి చూడండి. లైనరుకు పెద్ద రంధ్రం పడితే చక్రం చిమ్మే నీళ్లు, బురద నేరుగా తీగల మీదికీ, కొన్ని కార్లలో ఇంజను గాలి పీల్చే గొట్టం వైపూ వెళ్తాయి. బంపరు వెనుక ఇనుప భాగాన్ని గానీ, కింది అతుకును గానీ ఎప్పుడూ కోయవద్దు. ఢీకొన్నప్పుడు దెబ్బను తీసుకునేది అవే.

ఫెండరు లోపలి అంచును మడిచి చోటు చేసే పద్ధతి కూడా ఉంది. రంగును వేడి చేసి, రోలరు పనిముట్టుతో అంచును పైకి మడుస్తారు. నాకు ఇది అంతగా నచ్చదు. చెయ్యి తిరిగినవాడు చేసినా లోపల రంగు పగిలి, కొన్నాళ్లకు తుప్పు అక్కడి నుంచే మొదలయ్యే అవకాశం ఉంటుంది. మడిచిన తర్వాత తుప్పు నిరోధక పూత వేయించకపోతే ఆ పని అసలు చేయించవద్దు.

స్ప్రింగులు కుంగాయని తేలితే రెండు వైపులా కలిపి మార్చండి. ఒక్కటే మారిస్తే కారు ఒరుగుతుంది. బుష్ అరిగితే బుష్, ఆర్ము వంగితే ఆర్ము మార్చి, తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి. ఈ వరుస తిరగేస్తే అలైన్‌మెంట్ ఖర్చు రెండుసార్లు.

రిమ్ములు కూడా మార్చి ఉంటే

టైర్లతో పాటు రిమ్ములూ మార్చినవాళ్లు మరో రెండు అంకెలు చూడాలి. రిమ్ము వెనుక వైపు 6జె×15, ఈటీ45 లాంటి గుర్తు ఉంటుంది. 6 అంటే రిమ్ము వెడల్పు అంగుళాల్లో. ఈటీ45 అంటే, హబ్బుకు (చక్రాన్ని బిగించే మధ్య భాగానికి) ఆనుకునే తలం రిమ్ము మధ్య గీత నుంచి 45 మిల్లీమీటర్లు బయటి వైపున ఉందని. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి, పెరిగేకొద్దీ లోపలికి జరుగుతుంది.

ఈటీ45 ఉన్న 6 అంగుళాల రిమ్ము తీసి, ఈటీ35 ఉన్న 7 అంగుళాలది వేశారనుకోండి. వెడల్పు పెరిగినందుకు రెండు వైపులా 12.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది, ఈటీ తగ్గినందుకు మొత్తం 10 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. ఫలితంగా బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు ఫెండరు వైపు వస్తుంది, లోపలి అంచు స్ట్రట్ వైపు 2.7 మాత్రమే వెళ్తుంది. కొనేముందు ఈ కూడికలు తీసివేతలు చేసుకుంటే ఎన్నో తలనొప్పులు తప్పుతాయి.

లోపలి వైపు తగులుతున్నప్పుడు స్పేసరు (హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే లోహపు పలక) పెట్టుకోమని సలహా ఇస్తారు. ఐదు మిల్లీమీటర్ల స్పేసరు లోపల ఐదు ఇస్తుంది, బయట ఐదు తీసుకుంటుంది. అది హబ్బు మధ్య రంధ్రానికి సరిగ్గా కూర్చునే రకం అయి ఉండాలి. దాని మందం మేరకు నట్టుకు దొరికే మర తగ్గిపోతుంది. కనీసం బోల్టు వ్యాసమంత పొడవు మర పట్టాలి. 12 మిల్లీమీటర్ల బోల్టుకు ఒక్కో చుట్టుకు 1.5 మిల్లీమీటర్ల మర ఉంటే ఎనిమిది చుట్లు. వేళ్లతో నట్టు ఎక్కిస్తూ లెక్కపెట్టండి. అంతకన్నా తక్కువ వస్తే పొడవాటి బోల్టులు వేయాలి, లేదా స్పేసరు ఆలోచన మానుకోవాలి. చాలా చోట్ల స్పేసర్లకూ, కొలత మారిన చక్రాలకూ నిబంధనలు ఉన్నాయి. బీమా కంపెనీకి తెలియజేయాల్సి రావచ్చు. సరైన ఈటీ ఉన్న రిమ్ము దొరికే అవకాశం ఉన్నప్పుడు స్పేసరు వైపు వెళ్లకపోవడమే నయం.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి వెళ్లే కార్లలో ఒరుసుకున్న రెండు టైర్లను మాత్రమే వేరే కొలతకు మార్చకూడదు. వ్యాసాలు తేడాగా ఉంటే లోపలి గేర్లు అరిగిపోతాయి.

బిగించాక

చక్రం పెట్టే ముందు హబ్బు తలాన్ని ఇనుప బ్రష్షుతో రుద్దండి. అక్కడ తుప్పు పెచ్చు ఉంటే చక్రం వంకరగా కూర్చుంటుంది. నట్లను ముందు చేత్తో ఎక్కించి, ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని బిగించుకుంటూ రండి. చివరి బిగింపు టార్క్ స్పానర్‌తో, చక్రం నేల మీద ఆనాక చేయాలి. చాలా కార్లకు అది 100 న్యూటన్ మీటర్లకు అటూఇటూగా ఉంటుంది, మీ కారుకు ఎంతో దాని పుస్తకంలో చూడండి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మరోసారి బిగింపు సరిచూడాలి.

ఆ రోజే సుద్ద మళ్లీ పూసి, ఈసారి డిక్కీ నింపి, సీట్లన్నీ నింపి, ఒక చక్రం మాత్రమే ఎత్తు ఎక్కేలా పేవ్‌మెంట్ వాలు మీదికి నెమ్మదిగా పోనివ్వండి. ఖాళీ కారుతో మలుపు తిరిగి శబ్దం రాలేదని సంతోషపడితే, మరక పడేది తర్వాతి ప్రయాణంలో, సామాను ఎక్కించాక. సుద్ద ఎక్కడా చెరగకపోతే టైరు లోపలి పక్కగోడను చేత్తో తడిమి చూడండి. గరుకు గీత తగిలితే, ఒరుసుకోవడం ఆగినా సరే, ఆ టైరును విప్పించి లోపలి వైపు నుంచి కూడా చూపించాలి. లోపల దారాలు తెగి ఉంటే అది కొత్తదైనా మార్చాల్సిందే.